‘సారీ’... ఆ తరువాత?

పొద్దున లేచింది మొదలు రాత్రి పడుకునే దాకా మనం ఎన్నిసార్లు ‘సారీ’ అంటామో ఒక్కరోజు లెక్కపెట్టి చూద్దాం. బస్సులో పక్కవారి కాలు తొక్కితే సారీ. ఫోను రాంగ్ నంబరుకు వెళితే సారీ. ఆఫీసుకు పది నిమిషాలు ఆలస్యమైతే సారీ. ఆరాధన మొదలయ్యాక మందిరంలోకి వచ్చి, బెంచీ మీద కాస్త జరగమని అడుగుతూ సారీ. బడి మెట్లెక్కని అవ్వ కూడా మనవడి పలక జారవిడిచి ‘సారీరా కన్నా’ అంటుంది. ఇంగ్లిషు నుంచి వచ్చి మన ఇంటి మాటగా మారిపోయిన పదాల్లో ఇంతగా వాడుకలో ఉన్నవి కొన్నే. ఇంతగా అరిగిపోయినవీ కొన్నే.

ఈ చిన్నమాటకు ఇంగ్లిషులో ఒక అర్థం కాదు, నాలుగైదు ఉన్నాయి. తప్పు చేసినప్పుడు చెప్పే సారీ మనకు తెలిసిందే. ఎవరైనా చనిపోయారని వింటే ఇంగ్లిషు వారు ‘అయామ్ సారీ’ అంటారు. కొత్తగా ఇంగ్లిషు నేర్చుకునేవారికి ఇది వింతగా ఉంటుంది. చావుకు ఈయన కారణం కాదు కదా, ఈయనెందుకు సారీ చెప్పాలి అనిపిస్తుంది. అక్కడ దాని అర్థం ‘మీ బాధలో నాకూ బాధగా ఉంది’ అని. ఎదుటివారి మాట సరిగా వినపడకపోతే ‘సారీ?’ అని ప్రశ్నగా అంటారు. అడిగిన పని చేయడం కుదరనప్పుడు ‘సారీ’ అని తలుపు వేస్తారు. దీనంగా, దిక్కుమాలినట్టు ఉన్న స్థితిని కూడా ‘సారీ స్టేట్’ అంటారు. క్షమాపణ, సంతాపం, ప్రశ్న, నిరాకరణ, దైన్యం - ఇన్నింటికీ ఒకటే మాట.

ఈ మాట ఎక్కడ పుట్టిందో చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. వెయ్యేళ్ల కిందటి పాత ఇంగ్లిషులో ‘సారిగ్’ అనే మాట ఉండేది. ‘సార్’ అంటే నొప్పి, పుండు. నేటి ఇంగ్లిషులో పుండును ‘సోర్’ అంటారే, ఆ మాటా ఇదే వేరు నుంచి వచ్చింది. దుఃఖం అనే అర్థమున్న ‘సారో’ దీనికి తోబుట్టువులా వినిపిస్తుంది గాని, దాని పుట్టుక వేరు. వాడుకలో పక్కపక్కన నడిచి రెండూ ఒకదానికొకటి దగ్గరయ్యాయి. కాబట్టి ‘సారీ’ అంటే మొదట ‘నాకు నొప్పిగా ఉంది’ అని. నా వల్ల నీకైన పుండు నాలోనూ సలుపుతోంది అని చెప్పడం.

దీని పక్కనే ఇంకొక ఇంగ్లిషు మాటను పెట్టి చూద్దాం. క్షమాపణను గౌరవంగా ‘అపాలజీ’ అంటారు. అది గ్రీకులోని ‘అపోలోగియా’ నుంచి వచ్చింది. దానికి అర్థం క్షమాపణ కాదు. న్యాయస్థానంలో నిందితుడు తన తరఫున చెప్పుకునే వాదన. అపొస్తలుల కార్యములు 22వ అధ్యాయంలో యెరూషలేము జనసమూహం ఎదుట పౌలు తన పక్షంగా చెప్పుకున్న మాటలకు మూలభాషలో వాడింది ఈ పదమే. పేతురు తన మొదటి పత్రిక 3వ అధ్యాయం 15వ వచనంలో, మనలోని నిరీక్షణకు కారణమడిగేవారికి జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉండమన్నప్పుడు వాడిందీ ఇదే.

ఒక మాట నొప్పిని ఒప్పుకుంటుంది. ఇంకొక మాట పుట్టుకలో సమర్థించుకుంటుంది. మన ఇళ్లలో మనం చెప్పే సారీ ఈ రెండింటిలో ఏది? ‘సారీ, కాని నువ్వు అలా అనకుండా ఉంటే నేనూ అనేవాణ్ణి కాదు.’ ‘సారీ, నీకు అంత బాధ కలుగుతుందనుకోలేదు.’ పేరుకు ఇవి సారీలు. లోపల ఉన్నదంతా పాత గ్రీకు అపోలోగియాయే. ‘కాని’ అన్న మాట రాగానే క్షమాపణ ముగిసి వాదన మొదలవుతుంది.

ఇంగ్లిషు మాట రాకముందు మనవాళ్లకు క్షమాపణ తెలియదా అంటే, బాగా తెలుసు. ‘తప్పయింది’, ‘పొరపాటైంది’, ‘మన్నించండి’, ‘ఏమనుకోకండి’ అని నాలుగు రకాలుగా చెప్పుకునేవారు. ఎవరికైనా కాలు తగిలితే వెంటనే చేత్తో వారిని తాకి కళ్లకద్దుకోవడం ఇప్పటికీ మన చేతులకు అలవాటే. కాని మన ఇళ్లలో ఒక లోపం కూడా ఉంది. మన్నింపు ఎప్పుడూ కింది నుంచి పైకే వెళ్లాలి. కొడుకు తండ్రికి చెప్పాలి, కోడలు అత్తకు చెప్పాలి, పనివారు యజమానికి చెప్పాలి. తండ్రి అనవసరంగా కొడుకును కొట్టాడని తెలిస్తే, సాయంత్రం మిఠాయి పొట్లం తెస్తాడు. లేదా ‘అన్నం తిన్నావా?’ అని అడుగుతాడు. ఆ ప్రేమను తక్కువ చేయనక్కర లేదు. అయినా ‘నాన్నా, నాదే తప్పురా’ అన్న ఒక్క మాట కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసిన కొడుకులు మన సంఘాల్లో ఎందరో ఉన్నారు.

బైబిలులో ‘పాపం చేశాను’ అన్నవారు చాలామంది కనిపిస్తారు. అందరి సారీ ఒకటి కాదు. 1 సమూయేలు 15వ అధ్యాయంలో సౌలు రాజు అమాలేకీయుల విషయంలో దేవుని మాట మీరాడు. ప్రవక్త నిలదీస్తే ముందు బుకాయించాడు, తరువాత నెపం ప్రజల మీదకు నెట్టాడు, చివరికి పాపం చేశానని ఒప్పుకున్నాడు. ఒప్పుకున్న ఊపిరిలోనే పెద్దల ముందు, ఇశ్రాయేలీయుల ముందు తన పరువు నిలబెట్టమని సమూయేలును బతిమాలాడు. అతని బాధ పాపం గురించి కాదు, పరువు గురించి. దావీదు చేసింది అంతకన్న చిన్న తప్పేమీ కాదు. కాని నాతాను వేలు చూపించినప్పుడు దావీదు నోట ‘కాని’ రాలేదు. 51వ కీర్తన శీర్షికలో ఆ సందర్భమే రాసి ఉంటుంది. రాజు తన పాపాన్ని ప్రజలందరూ పాడుకునే పాటలో పెట్టుకున్నాడు.

ఒకే రాత్రి ఇద్దరు శిష్యులు ప్రభువును నొప్పించారు. పేతురు ఎరుగనన్నాడు, యూదా అమ్మేశాడు. ఇద్దరికీ దుఃఖం కలిగింది. యూదా ముప్పది వెండి నాణెములు తిరిగి ఇచ్చేశాడు కూడా. అతని పశ్చాత్తాపానికి మత్తయి వాడిన గ్రీకు మాట ‘మెటమెలోమై’కి సంబంధించింది. జరిగినదానికి మనసు కలుక్కుమనడం అని దాని భావం. మనం మారుమనస్సు అని పిలిచేది ‘మెటనోయియా’. మనసు తిరగడం, మనిషి తిరగడం. యూదా తన నొప్పిని తీసుకుని ప్రధాన యాజకుల దగ్గరకు వెళ్లాడు. అది నీ గొడవ అని వారు పొమ్మన్నారు. పేతురు తన నొప్పితోనే మిగిలిన శిష్యుల మధ్య ఉండిపోయాడు. గలిలయ సముద్రపు ఒడ్డున ప్రభువు మూడుసార్లు అడిగితే, మూడుసార్లూ జవాబు చెప్పాడు. కొరింథీయులకు రాసిన రెండవ పత్రిక 7వ అధ్యాయంలో పౌలు ఈ తేడానే వివరిస్తాడు. దేవుని చిత్తప్రకారం కలిగే దుఃఖం మనిషిని రక్షణ వైపు తిప్పుతుందని, లోక సంబంధమైన దుఃఖం మరణానికి నడుపుతుందని అతని బోధ.

ఈ మాటకు ఒక దేశమంతా ఎదురుచూసిన సందర్భం మన కాలంలోనే జరిగింది. ఆస్ట్రేలియాలో ఆదివాసుల పిల్లలను, టోరెస్ జలసంధి ద్వీపవాసుల పిల్లలను ప్రభుత్వ చట్టాల కింద తల్లుల నుంచి వేరుచేసి, సంస్థలకూ తెల్లవారి ఇళ్లకూ పంపారు. ఇది సుమారు 1910 నుంచి 1970 వరకు సాగింది. ఆ సంస్థల్లో చాలావాటిని నడిపింది క్రైస్తవ మిషన్లే. ఈ సంగతి మనం దాచుకోకూడదు. ‘బ్రింగింగ్ దెమ్ హోమ్’ అనే విచారణ నివేదిక 1997 మే 26న ఆ దేశ పార్లమెంటు ముందుకు వచ్చింది. ఆ కాలంలో ప్రతి పదిమంది ఆదివాసీ పిల్లల్లో ఒకరి నుంచి, ప్రతి ముగ్గురిలో ఒకరి దాకా ఇలా వేరుపడి ఉంటారని అది అంచనా వేసింది. దేశం క్షమాపణ చెప్పాలని కోరింది. మరుసటి ఏడు అదే తేదీన మొదటి ‘సారీ డే’ జరిపారు.

ప్రభుత్వం మాత్రం ఆ మాట పలకడానికి వెనకాడింది. 1999 ఆగస్టులో పార్లమెంటు ఒక తీర్మానం చేసింది. అందులో లోతైన ‘విచారం’ ఉంది గాని ‘సారీ’ లేదు. అప్పటి ప్రధాని జాన్ హోవార్డ్, నేటి తరం నిన్నటి తరం పనులకు క్షమాపణ చెప్పడం సరికాదన్నారు. 2000 మే 28న దాదాపు రెండున్నర లక్షల మంది సిడ్నీ హార్బర్ వంతెన మీద నడిచారు. వారి తలల మీద ఆకాశంలో విమానం పొగతో ‘సారీ’ అని రాసింది. చివరికి 2008 ఫిబ్రవరి 13న కొత్త ప్రధాని కెవిన్ రడ్ పార్లమెంటులో లేచి ఆ మాట పలికారు. చిన్నతనంలో తల్లుల నుంచి దూరమై ముసలివారైన ఎందరో అక్కడ కూర్చుని విన్నారు, కన్నీళ్లు పెట్టుకున్నారు.

నాలుగైదు అక్షరాల మాట కోసం అంత పట్టుదల ఎందుకు? ‘విచారం’ దూరం నుంచి చూసేవాడు కూడా చెప్పగలడు. వరద వస్తే విచారిస్తాం, ప్రమాదం జరిగితే విచారిస్తాం. సారీలో ‘ఇది మా చేతుల పని’ అన్న ఒప్పుకోలు ఉంది. ఆ ఆదివాసుల వాడుకలో ఈ మాటకు ఇంకొక అర్థం కూడా ఉంది. మనిషి చనిపోయినప్పుడు బంధువులంతా కూడి జరిపే సంతాప కార్యాలను వారు ‘సారీ బిజినెస్’ అంటారు. అంటే వారు అడిగింది ఒక కాగితం కాదు. మా ఇంటి చావుకు వచ్చి మాతో కూర్చోండి అని అడిగారు. సారీ చెప్పడంతో అంతా సరిపోలేదని కూడా అక్కడివారికి తెలుసు. ఆయుష్షులో, చదువులో, బతుకులో ఆదివాసులకూ మిగిలినవారికీ ఉన్న అంతరాన్ని తగ్గించే పని ఇంకా పూర్తికాలేదు.

మన దేశానికి సంబంధించిన మాట కూడా ఒకటి ఉంది. 1919 ఏప్రిల్ 13న అమృత్‌సర్‌లోని జలియన్‌వాలా బాగ్‌లో నిరాయుధుల మీద తుపాకులు పేల్చారు. నూరేళ్లు నిండిన 2019 ఏప్రిల్‌లో బ్రిటిష్ ప్రధాని థెరెసా మే పార్లమెంటులో విచారం వెలిబుచ్చారు. పూర్తి క్షమాపణ మాత్రం చెప్పలేదు. అదే ఏడు సెప్టెంబరులో అప్పటి కాంటర్‌బరీ ఆర్చిబిషప్ జస్టిన్ వెల్బీ అక్కడికి వచ్చారు. ప్రభుత్వం తరఫున మాట్లాడే అధికారం తనకు లేదని చెప్పి, మత నాయకుడిగా తాను సిగ్గుపడుతున్నానని, క్షమాపణ చెబుతున్నానని అన్నారు. ఆ నేల మీద బోర్లా పడుకుని ప్రార్థించారు. అధికారం లేని చోట కూడా మోకరించడానికి చోటుంటుంది.

ఇక దూరదేశాల సంగతి చాలు. మా సంగతి చెప్పాలి. చాలా ఏళ్ల కిందట మేము మా సంఘంలో కోశాధికారి బాధ్యత చూస్తున్నాం. కోతకాల పండుగ కానుకల్లో ఒక కవరు కనపడలేదు. లోపల మూడువేల రెండువందల రూపాయలు. మందిరం ఊడ్చి, దీపాలు వేసి, గంట కొట్టే ముసలాయన దగ్గర బీరువా గది తాళం ఉండేది. కమిటీలో తొమ్మిదిమంది ఎదుట మేము ఆయన్ను అడిగాం, ‘తాళం నీ దగ్గరే కదా తాతా, మరి కవరు ఎటు పోయినట్టు?’ అని. దొంగ అనలేదు. అనాల్సిన పని లేకుండానే అందరికీ అర్థమైంది. ఆయన ఏమీ మాట్లాడలేదు. తాళం చెవి బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

మూడు వారాల తరువాత ఆ కవరు పాత బాప్తిస్మాల రిజిస్టరులో దొరికింది. లెక్క రాసుకుంటూ అందులో పెట్టింది మేమే. ఆ సాయంత్రం బోరింగు దగ్గర ఆయన కనిపిస్తే, ‘సారీ తాతా, కవరు దొరికింది, పొరపాటైంది, మనసులో పెట్టుకోకు’ అన్నాం. ‘సరేనండి’ అన్నాడు. బిందె ఎత్తుకుని వెళ్లాడు. మా గుండె తేలికైంది. క్షమాపణ చెప్పేశాం కదా అనుకున్నాం.

ఆయన మళ్లీ గంట కొట్టడానికి వచ్చాడు గాని ఆయన భార్య ఆరాధనకు రావడం మానేసింది. మా ఇంట్లో వారు వెళ్లి అడిగితే ఆమె ఒకటే మాట అన్నదట, ‘నలుగురిలో అన్నమాటకు బోరింగు కాడ సారీనా అమ్మా?’ అని. ఆ మాట మాకు అయిదు నెలలు నిద్రలేకుండా చేసింది. నింద తొమ్మిదిమంది విన్నారు. వారి ద్వారా ఊరంతా విన్నది. సారీ విన్నది ఒక్క మనిషి, ఒక ఖాళీ బిందె. మేము చెప్పింది ఆయన పుండు మానడానికి కాదు, మా గుండె తేలిక కావడానికి.

ఒక మొదటి ఆదివారం, ప్రభువు బల్లకు ముందు, పాస్టరుగారి అనుమతితో సంఘం ఎదుట నిలబడ్డాం. కవరు సంగతి, రిజిస్టరు సంగతి, కమిటీలో అడిగిన ప్రశ్న సంగతి దాచకుండా చెప్పాం. ‘ఈయన మీద మాకు కలిగిన అనుమానానికి ఆధారం ఒకటే, ఈయన పేదవాడు కావడం’ అని చెప్పేటప్పుడు గొంతు పూడుకుపోయింది. మందిరం తాళం కమిటీ అందరి ముందు ఆయన చేతికి తిరిగి ఇచ్చాం. ఆయన కన్నీళ్లు పెట్టుకోలేదు, మమ్మల్ని కౌగిలించుకోలేదు. తల ఊపి తీసుకున్నాడు. ఆ తరువాత మూడో ఆదివారం ఆయన భార్య వచ్చి వెనుక వరుసలో కూర్చున్నది. మాతో మాట్లాడటానికి ఆమెకు ఇంకా చాలాకాలం పట్టింది. ఆ కాలం ఆమెది, మాది కాదు.

మత్తయి 5వ అధ్యాయంలో ప్రభువు చెప్పిన క్రమం అప్పుడు మాకు కొత్తగా అర్థమైంది. కానుక తెచ్చినవాడికి బలిపీఠం దగ్గరే గుర్తుకు రావాలి. గుర్తుకు రావలసింది తన కోపం కాదు, తన సహోదరునికి తన మీద ఉన్న ఫిర్యాదు. కానుక అక్కడే విడిచి ముందు అతని దగ్గరకు వెళ్లాలి. లేవీయకాండము 6వ అధ్యాయంలో ధర్మశాస్త్రం ఇంకా వివరంగా చెబుతుంది. పొరుగువాని సొమ్ము అన్యాయంగా ఉంచుకున్నవాడు మూలధనం తిరిగి ఇవ్వాలి, దాని మీద అయిదవ వంతు కలపాలి. అపరాధ పరిహారార్థ బలి తెచ్చే రోజునే అది చెల్లించాలి. జక్కయ్య అంతటితోనూ ఆగలేదు. ఆస్తిలో సగం బీదలకు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు అన్నాడు. జక్కయ్య ఎక్కడా ‘సారీ’ అన్నట్టు లూకా రాయలేదు. అయినా ఆ ఇంటికి రక్షణ వచ్చిందని ప్రభువు అన్నారు.

ఇక్కడ ఇంకొక సంగతి చెప్పకపోతే ఈ మాట సగమే అవుతుంది. ప్రతి శనివారం తాగి వచ్చి భార్యను కొట్టి, ఆదివారం పొద్దున ‘సారీ’ అని ఏడ్చే భర్తలు మన సంఘాల్లో లేరా? ఆమె పెద్దల దగ్గరకు వస్తే మనం ఏమంటున్నాం? ‘సారీ చెప్పాడు కదమ్మా, విశ్వాసివి, క్షమించాలి’ అని పంపేస్తున్నాం. బాప్తిస్మమిచ్చు యోహాను మారుమనస్సుకు తగిన ఫలాలు అడిగాడు. మనం ఆ ఫలాలు అతణ్ణి అడగకుండా, క్షమాపణ మాత్రం ఆమెను అడుగుతున్నాం. క్షమించడమంటే దెబ్బలకు మళ్లీ వీపు అప్పగించడం కాదు. పగ పెట్టుకోకుండా ఉండటం ఒకటి, ప్రమాదంలో ఉండిపోవడం ఇంకొకటి. అతని సారీ నిజమైతే తాగుడు మాన్పించే వైద్యానికి వెళతాడు, ఆమె భయం తీరేవరకు దూరంగా ఉండటానికి ఒప్పుకుంటాడు. ఆమెకు కావలసింది వాక్యం పేరుతో ఒత్తిడి కాదు. రక్షణగా నిలబడే సంఘం, అవసరమైతే చట్టం.

అయితే ఎవరు చెప్పినా నిజమైన సారీకి కొన్ని గుర్తులుంటాయి. చేసిన పనిని పేరు పెట్టి చెబుతుంది. ‘ఏదైనా తప్పు జరిగి ఉంటే’ అనదు. తరువాత ‘కాని’ చేర్చదు. గాయపరిచిన చోటే చెబుతుంది, నలుగురిలో అన్నది నలుగురిలోనే వెనక్కి తీసుకుంటుంది. పోగొట్టినదాన్ని చేతనైనంత తిరిగి ఇస్తుంది. అదే పని మళ్లీ చేయదు. ఎదుటివారు వెంటనే క్షమించాలని పట్టుబట్టదు.

ఇదంతా మన శక్తితో అయ్యేది కాదని మేము ఎరుగుదుము. తప్పిపోయిన కుమారుడు పందుల దగ్గర కూర్చుని తండ్రికి చెప్పవలసిన మాటలు కూర్చుకున్నాడు. చివరి మాట, తనను కూలివానిగా పెట్టుకోమని అడగడం. ఇంటికి వచ్చాక ఆ మాట అతని నోట రాకముందే తండ్రి వస్త్రం తెమ్మన్నాడు. అలాంటి తండ్రి మనకు ఉన్నాడని తెలిసినవారికి తప్పు ఒప్పుకోవడానికి భయమెందుకు? పరువు పోతుందని సౌలు భయపడ్డాడు. పోవలసిన పరువు ఏదైనా ఉంటే అది సిలువ దగ్గరే పోయింది.

ప్రియ చదువరీ, వచ్చే ఆదివారం ప్రభువు బల్ల దగ్గరకు వెళ్లేముందు మనకు ఒక్క ముఖం గుర్తుకు రావచ్చు. అది అన్నగారి ముఖం కావచ్చు, ఆస్తి పంపకంలో వెనక్కి నెట్టిన చెల్లెలి ముఖం కావచ్చు, జీతం కోసిన పనిమనిషి ముఖం కావచ్చు, మనం కారణం లేకుండా కొట్టిన మన బిడ్డ ముఖమే కావచ్చు. ఆ గుర్తును దులిపేసుకోవద్దు. అది పరిశుద్ధాత్మ పిలుపు. శనివారం సాయంత్రమే చెప్పులు వేసుకుని ఆ గుమ్మం దాకా వెళదాం. ఏమని మొదలుపెట్టాలో తెలియకపోతే, మన భాషలోనే చెబుదాం: ‘తప్పు నాది.’ ఆ తరువాత వారు చెప్పేది వినడానికి కాసేపు అక్కడే కూర్చుందాం.